సోమమ్మ ఇంటి నీలిపూస

పదకొండేళ్లుగా ఒక పూస నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పాత గాజును పరీక్షిస్తాను. ఎప్పటి గాజు, దేంతో కాచారు అన్నది తేల్చడమే నా పని. టేకులపల్లి దాటాక అడవిలో ఒక ఊళ్లో, సోమమ్మ అనే ముసలమ్మ దగ్గర పాత నీలిపూస ఉందని విని వెళ్లాను. ఆ ఇంట్లో బిడ్డ పుడితే పేరు పెట్టే రోజున ఆ పూసను దారానికి గుచ్చి చేతికి కడతారు. సాయంత్రం విప్పి మళ్లీ దాచేస్తారు. ఎన్ని తరాల నుంచో ఆమెకే తెలియదు.

"రవ్వంత గీరుకో బిడ్డా. పూస మాత్రం పదిలంగ తెచ్చియ్యాలె. మా ఇంట్ల అందరి చేతులకు కట్టింది గదే," అంది సోమమ్మ.

రంధ్రం అంచున ఆవగింజలో సగమంత రవ్వ తీస్తే నిజంగానే సరిపోయేది. నాకు తెలుసు. అయినా చెమట తగలని లోపలి గాజును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూడాలనిపించింది. తెలుసుకోవాలన్న ఆశా? పేరు కోసమా? రెండూనేమో. రంపం పెట్టాను. ఒక సగం పొడిపొడి అయింది. రెండో సగాన్ని జిగురు బిళ్లలో బిగించి, నునుపు చేసి పరీక్షించాను.

అంకెలు వచ్చాయి. మెగ్నీషియం, పొటాషియం రెండూ ఎక్కువ. అంటే చెట్ల బూడిదతో కాచిన గాజు. ఇస్లాం తొలి శతాబ్దాల్లో ఇరాక్, ఇరాన్ వైపు ఉప్పునేలల్లో మొలిచే తుప్పలను కాల్చి, ఆ బూడిదను దంచిన గులకరాళ్లతో కలిపి కరిగించేవారు. వెయ్యేళ్ల కిందట ఎవరో కోసుకొచ్చిన తుప్పలు గాజై, ఓడెక్కి, బహుశా గోదావరి వెంటే వచ్చి, ఈ అడవిలో పసిబిడ్డల చేతుల మీద మెరిశాయి! ఎంతసేపు అలా నిలబడిపోయానో. నేను కోసింది ఏమిటో అప్పుడు గానీ నాకు తెలియలేదు.

తర్వాత భద్రాచలంలో అలాంటిదే ఒక నీలిపూస కొన్నాను. కొత్తదనం పోయేదాకా గోదావరి ఇసుకలో రుద్దాను. సోమమ్మకు చూపు ఆనదు. నేను తెచ్చిచ్చిన పూసను తనదే అనుకుని చెంపకు ఆనించుకుంది. వెయ్యేళ్ల కిందట సముద్రం అవతల చెట్ల బూడిదతో చేశారని చెప్పాను.

"బూడిదతోనా! మా పొయ్యిల ఉండేదేనా?" అని పకపకా నవ్వింది.

"అటువంటిదే, అవ్వా," అన్నాను.

నమూనా తీస్తుండగా పూస పగిలిందని నా వ్యాసంలో రాశాను. అందరూ మెచ్చుకున్నారు.

పోయిన నెల సోమమ్మ మునిమనవరాలికి పేరు పెడుతున్నామని కబురొస్తే వెళ్లాను. సోమమ్మ తడుముకుంటూ పసిదాని చేతికి ఆ పూస కట్టింది. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించింది.

"సముద్రం అవతల చెట్ల బూడిదతోటి చేసిండ్రంట. వెయ్యేండ్లదంట. గీ బిడ్డనే కనిపెట్టి చెప్పింది."

అందరూ వంగి వంగి పూసను చూశారు. ల్యాబ్‌లో ఆ రోజు నేను చూసినట్టే, నోరు తెరుచుకుని. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. కానీ ఆ పిల్ల చేతికి ఉన్నది నేను బజారులో కొన్న పూస. వాళ్లు పెట్టిన అన్నం తిని వచ్చేశాను.

అసలు సగం నా సొరుగులో ఉంది. జిగురులో బిగిసిపోయింది, ఇక దారం ఎక్కదు. ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి వెలుగుకు పెట్టి చూస్తుంటాను. సోమమ్మకు చెబుతానా? ఈ వయసులో ఆమె సంతోషం పోగొట్టడం ఎందుకని అనుకుంటాను. అది ఆమె మీద జాలో, నా మీద నాకున్న జాలో తేల్చుకోలేకపోతున్నాను.

పూస పగల్లేదు. నేనే కోశాను. ఈ రెండు మాటలూ రాయడానికి పదకొండేళ్లు పట్టింది. గొంతు కొద్దిగా వదులైంది.