ఎవరి తాలూకు?

ఎండలో నిలబెట్టిన కారులో సీటు కాగి ఒక రకమైన వాసన వస్తుంది. ఈ ఉదయం మెడికల్ కాలేజీ గేటు ముందు ఆ వాసన తగలగానే నాకు భయం మొదలైంది. ఇన్నేళ్ళు డాక్టరీ చేసి ఇదేం పిరికితనమే అని నన్ను నేనే తిట్టుకున్నా తగ్గలేదు. ఇంటర్వ్యూ నా కూతురిది. భయం మాత్రం డాక్టర్ సుభద్రగారి నుంచి నాకొచ్చింది.

తొంభైల్లో మేము బహ్రెయిన్‌లో, అరాద్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న కంపెనీ బస్సు నడిపేవాడు. అమ్మ సుభద్రగారింట్లో వంట చేసేది. ఆవిడ తాతా, తండ్రీ కూడా పేరున్న డాక్టర్లు. అయినా అంత భయస్థురాలిని నేను చూడలేదు. మందులు రాసిచ్చాక రోగి గుమ్మం దాటితే, వెనక్కి పిలిచి చీటీ మళ్ళీ చదువుకునేవారు. నాకు బయాలజీ చెప్పింది ఆవిడే, అదీ తిట్టి తిట్టి. అక్కడి మెడికల్ కాలేజీ నుంచి నాకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మీ ఇంట్లో డాక్టర్లెవరని అడుగుతారట, లేరంటే అంతే సంగతులట. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. అమ్మ ఆగలేక ఆవిడనే అడిగేసింది.

"అక్కడోళ్ళంతా మీకు తెలిసినోళ్ళే కదండీ. మా పిల్ల మీ తాలూకని ఒక్క మాట చెప్పండమ్మా."

ఆవిడ కొంగు నలుపుతూ కూర్చున్నారు. "నా ఇంటర్వ్యూలో నన్నేమీ అడగలేదు మంగమ్మా. నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందన్నారు, సీటిచ్చారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ సీటు నాదో ఆయనదో ఇప్పటికీ తెలీదు. రోగిని ముట్టుకున్నప్పుడల్లా అదే భయం."

ఇంటర్వ్యూకి ఆవిడే తీసుకెళ్ళారు. గేటు దగ్గర "మీరు రారా డాక్టరమ్మా?" అన్నాను. "కారు ఇక్కడే ఉంటుంది, వెళ్ళు" అన్నారు. లోపల ఆ ప్రశ్నే అడిగారు. లేరన్నాను. తర్వాత ఏమడిగినా నోరు పెగల్లేదు. సీటు రాలేదు. "ఒక్క మాటకి నోరు రాలేదు మహాతల్లికి" అని అమ్మ ఆవిడతో మాట్లాడటం మానేసింది, వంట మానలేదు. ఆవిడ నాకు పాఠం చెప్పడం మానలేదు.

మరుసటేడు మళ్ళీ అదే గేటు. ఈసారైనా రమ్మని ఏడ్చాను. ఆవిడ కారు తలుపు తీశారు, మళ్ళీ వేసేశారు. "నేను దిగితే సీటొస్తుంది. దాంతోపాటు నా భయమూ వస్తుంది. వెళ్ళవే."

ఈసారీ లేరన్నాను. అయితే పాఠం మీద ఎంత గుచ్చిగుచ్చి అడిగినా చెప్పగలిగాను. సీటొచ్చింది. అది ఎవరిదన్న అనుమానం నాకు ఏనాడూ రాలేదు. కానీ రెండోసారీ రాకపోయుంటే? ఆవిడ చేసింది న్యాయమేనా? ఆవిడ పోయాక కూడా తేల్చుకోలేకపోయాను.

ఇవాళ లోపల ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో ఇద్దరు నాతో చదివినవాళ్ళు. "నువ్వు రావా అమ్మా?" అంది నా కూతురు. కారు ఇక్కడే ఉంటుందన్నాను. అది విసురుగా తలుపు వేసి వెళ్ళిపోయింది. నేను దిగలేదు, నిజమే. కానీ అది ఎవరి తాలూకో వాళ్ళకి తెలుసు. ఎంత కష్టమైన ప్రశ్నయినా అడగనీ దేవుడా, మీ అమ్మ బాగుందా అని మాత్రం అడగనివ్వకు.