పాలచుక్క లేని సామాన్ల గది

మా ఇంటి వెనకాల సామాన్ల గది చాలా చిన్నది. మంచం వేస్తే తలుపు మూయడానికి చోటుండదు. కోరాపుట్ కొండల్లో దసమంతపూర్ సర్కారు ఆసుపత్రిలో మా ఆవిడకి నర్సు ఉద్యోగం కాబట్టి ఇచ్చిన క్వార్టరే మా ఇల్లు. నేను ధాన్యం మండీలో కాటా పడతాను. బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా, కాటా దగ్గర నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. తూకం, కొలత, తరుగు, ఈ మూడూ తెలిస్తే ఇల్లు నడుస్తుందని నా నమ్మకం.

వానలకు ముందు ఆ గది నింపడం ఎప్పుడూ నా పనే. కొండ మట్టి జారిందంటే కోరాపుట్ దారి మూసుకుపోతుంది. కూరగాయల బండి రాదు, గ్యాసు బండి రాదు, ఒక్కోసారి కరెంటూ ఉండదు. అందుకని ఏటా బియ్యం, పప్పు, చింతపండు కొని పెట్టేవాణ్ణి. వాటన్నిటికన్నా ముందు బుట్టెడు ఎండుచేపలు కొనేవాణ్ణి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం. వాన నిల్వ అంటే మాకు ఎండు నెత్తళ్లు, సావిడాయలు. ఆ బుట్ట లేని వానాకాలం మా అమ్మ ఎరగదు.

మనవరాలి కోసం ఆ బుట్టని బయటికి పంపేశాం.

మా అల్లుడు రాయగడలో రైల్వే లైను మీద పని చేస్తాడు. పాప పుట్టిన కొన్నాళ్లకే మా అమ్మాయికి కామెర్లు వచ్చి పాలు ఎండిపోయాయి. ఆవుపాలు పట్టిస్తే పాప పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరిలో ఈల మొదలైంది. రాయగడ డాక్టరు చూసి, పాలు, పాలు కలిసినదేదీ పెట్టొద్దన్నాడు. గుడ్డూ, చేపా కూడా కొన్నేళ్లు వద్దన్నాడు. ఏడాది దాటాక పాపకి ఒంటబట్టినది చోడిజావ, అదే రాగిజావ, ఒక్కటే. చోళ్లు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసి, పెసరపప్పు కట్టుతో కాస్తే చప్పరించి తాగేది. బరువు తగ్గనివ్వకండని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇంట్లో నర్సు ఉంది కదా అని అమ్మాయినీ పాపనీ మా దగ్గరికి తెచ్చుకున్నాం.

ఒకరోజు టీ కలిపిన చెంచా పాప గిన్నెలో పడింది. చెంచాకి అంటిన పాలు ఎన్ని ఉంటాయి? తూకానికి కూడా అందవు. అయినా సాయంత్రానికి పాప మొహం వాచింది. ఆ మర్నాడు మా ఆవిడ వంటింట్లోంచి పాలగిన్నె, పెరుగు కుండ, నెయ్యి సీసా, గుడ్ల అట్ట, ఎండుచేపల బుట్ట వరసగా వీధి అరుగు మీద పెట్టింది.

"ఏటండీ, పాపకొక వంటా మనకొక వంటా అయితే ఏదో ఓరోజు గరిటె మారిపోద్ది. అందరికీ ఒకే వంట," అంది.

చేపముక్క లేకుండా ముద్ద దిగని మనిషి ఆవిడ. ఆ మాట అన్నాక మళ్లీ ఒక్కరోజు కూడా చేప ఊసెత్తలేదు. నేను దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతల్లో అది మొదటిది.

ఆ సంగతి తెలియక, వానల ముందు మా బావమరిది బోరిగుమ్మ నుంచి బస్సు దిగి, సంచీడు నెత్తళ్లతో గేటు దగ్గరికి వచ్చాడు. మా ఆవిడ గేటు తియ్యలేదు.

"ఏటప్పా, మడి కట్టేసేరా ఏటి?"

"మడీ లేదు గిడీ లేదు. పాప గుంటకి పడదు. ఆ సంచీ పక్కింటోళ్లకిచ్చీసి, సేతులు కడుక్కోనొచ్చి కూకో."

లోపల్నించి మా అమ్మాయి నవ్వుతూ, "పట్నంలో దీన్నే వీగన్ అంటారు మావా," అంది.

"మనూళ్లో సన్నాసం అంటారమ్మి," అన్నాడు వాడు. నావైపు తిరిగి, "బావా, కాషాయం ఎప్పుడు కడతన్నావు? ముందే సెప్పు, సూడ్డానికొస్తాను," అన్నాడు. అన్నాడే గాని, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, ఆ పూట ఉలవచారుతో కడుపునిండా తిన్నాడు.

ఆ ఏడు గది నింపడం నాకు కొత్త లెక్క అయింది. చేప పోయిన చోట బలమిచ్చేది ఏది పెట్టాలి? ఉలవలు, పెసలు, కందిపప్పు ఎక్కువ చేశాను. కందిపప్పుకి ఆముదం రాసి ఎండబెట్టాను. పెసల్లో వేపాకు వేశాను. వేరుశనగ గుళ్లు గాలి చొరని డబ్బాలో పోశాను. కూరగాయల బండి రాని రోజులకి గుమ్మడి వడియాలు, ఎండబెట్టిన మామిడి ముక్కలు, గింజ తీసి ఉప్పు కలిపిన చింతపండు, తాటాకులో చుట్టిన బెల్లం సిద్ధం చేశాను. నూనె వలిసె గింజలది. మండీలో బస్తాలు వేసినట్టే కింద చెక్కలు పరిచి, గోడకి జానెడు ఎడం వదిలి, పాతది ముందుకీ కొత్తది వెనక్కీ సర్దాను.

చోళ్ల విషయంలో మరీ జాగ్రత్త పడ్డాను. పాప పూటకి తాగేది గిద్దెడు పిండి. మొలకలో కొంత, పొట్టులో కొంత తరుగు పోతుంది. అదంతా కలుపుకొని, వానాకాలం దాటించి మళ్లీ అంత మిగిలేలా మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు డబ్బాల్లో పోసి మూతలు బిగించాను. పిండైతే వాన గాలికి ముక్కిపోతుంది. గింజైతే నెలల తరబడి ఉంటుంది. అందుకే పిండి కొద్దికొద్దిగా, వారం వారం పిండిమరకి తీసుకెళ్లి ఆడించుకునేవాళ్లం. నా లెక్క మీద నాకు గర్వంగానే ఉండేది.

వాన పట్టింది. ఎడతెరిపి లేకుండా కురిసింది. ఘాట్‌లో మట్టి జారి దారి పోయింది. స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది. మొదట్లో నేను నిబ్బరంగానే ఉన్నాను. బియ్యం ఉంది, పప్పు ఉంది, ఎండు కట్టెలు కూడా ఉన్నాయి. ఒక పొద్దున్న మా ఆవిడ పిండి డబ్బా బోర్లించి నా ముందు తట్టింది. అరచేతిలోకి కూడా రాలేదు.

"బస్తాలకి బస్తాలు కొలిసి ఎట్టేరు గదా, మర తిరగాలంటే కరెంటు కావాలని కొలవలేదేటి?" అంది.

ధాన్యం నిల్వ చూసుకునేవాడు బస్తా లోపలిదే చూస్తాడు. మిక్సీ కూడా కరెంటుదే. రోట్లో పోసి దంచాను. చోడిగింజ ఆవగింజంత ఉంటుంది. రోకలి కింద నుంచి జారిపోతుంది. నలిగినది రవ్వయింది, పొట్టు పొట్టుగానే ఉంది. ఆ జావ పాప గొంతులో గరగరలాడి అంతా కక్కేసింది. బియ్యం గంజి పడితే రెండు చెంచాలు మింగి నోరు బిగించేసింది. మధ్యాహ్నానికి ఏడ్చే ఓపిక కూడా తగ్గి, మూలుగుతూ తల్లి భుజం మీద వాలిపోయింది.

ఆ సమయానికే, దారి తెగిన ఊళ్లకని ఎవరో కాలినడకన మోసుకొచ్చి పంచుతున్న పొట్లం మా ఇంటికీ వచ్చింది. మంచి మనసుతో ఇచ్చిందే. అందులో బిస్కెట్లు, పాలపొడి ఉన్నాయి. మా అమ్మాయి పాలపొడి పొట్లం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మా, ఒక్క సెంచా... నీళ్లలో పల్చగా... ఇప్పుడు పడతాదేమో?"

"దారి లేదమ్మి. ఊపిరి అందకపోతే మా ఆసుపత్రి సాలదు, రాయగడ ఎలాగ ఎల్తావు?" అని మా ఆవిడ పొట్లం మెల్లిగా లాక్కుంది. నర్సు గొంతుతోనే అని, దాన్ని నా చేతికిచ్చేసింది.

పొట్లం ఇచ్చేద్దామని నేను పక్క వాడకి బయల్దేరాను. గుమ్మంలోనే ఆ వాడ ముసలమ్మ ఎదురైంది, నెత్తిన గొడుగులాంటి వెదురు గిడుగు పెట్టుకుని. ఇక్కడి కొండల దేశియా మనిషి. సంతలో నేర్చిన తెలుగుతో మాతో సర్దుకుంటుంది. మనవరాలిని నాతుణి అనీ, చోళ్లని మాండియా అనీ అంటుంది.

"నాతుణి ఏల మూలుగుతంది బాబు?"

చెప్పాను. ఆవిడ గిడుగు దించి నన్ను ఎగాదిగా చూసింది.

"మాండియా ఉంది, పిండి లేదా! పళ్లు కరెంటుకే ఉన్నాయా ఏటి? మా తిరగలికి లేవా?"

నేను పొట్లం అరుగు మీద వదిలేసి, చేతులు కడుక్కుని చోళ్ల డబ్బా ఎత్తుకున్నాను. మా ఆవిడ మాత్రం ముసలమ్మని ఆపి, పాపకి ఏవేవి పడవో వేళ్ల మీద చెప్పింది. ముసలమ్మ చిన్నబుచ్చుకోలేదు. మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్లి, వసారాలో తిరగలి రాళ్లు విడదీసి, గడ్డికుంచెతో ప్రతి గంటూ తుడిచింది. తన చోళ్లే పిడికెడు పోసి విసిరి ఆ పిండి కోళ్లకు చల్లింది. మా ఆవిడ ఇంకా రాయి వైపే చూస్తుంటే, నవ్వుతూ ఇంకో పిడికెడు పోసి అదీ కోళ్లకే వేసింది.

"ఈయాల కోళ్లకి పండగ," అంది.

పాపని మా ఆవిడ ఎత్తుకుంది. మా అమ్మాయి ముసలమ్మకి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఒకే పిడి పట్టుకున్నారు. నేను గింజలు పోస్తున్నాను. మొదట్లో మా అమ్మాయి చెయ్యి అటూ ఇటూ గుంజుకుపోయేది.

"లాగకు అమ్మి. నా సెయ్యితో రా," అంది ముసలమ్మ.

కాసేపటికి రాయి ఒకే తీరుగా తిరగసాగింది. రాయి చుట్టూ ఎర్రని మెత్తని పిండి రాలడం చూస్తూ నేను గింజలు పోయడం ఆపేశానట.

"పొయ్యండి నాన్నా, రాళ్లు ఒట్టినే తిరుగుతన్నాయి," అని మా అమ్మాయి కసిరింది.

పల్చని బట్టలో జల్లించి ఇంటికి తెచ్చాం. ముసలమ్మ కూడా వెంట వచ్చింది. మా ఆవిడ జావ కాచి చల్లార్చింది. మొదటి చెంచాకి పాప మొహం తిప్పుకుంది. రెండోది పెదవికి తగిలించి ఉంచితే నాలుక బయటికి వచ్చింది. తర్వాత చెంచా ఆలస్యమైతే ఊరుకోలేదు. గిన్నె ఖాళీ చేసి, ఇంకా ఏదని తల్లి కొంగు పట్టుకుంది. మళ్లీ కాచాం.

పాప నిద్రపోయాక మా అమ్మాయి గోడకి చేరగిలబడి, "అమ్మా, ఆకలేస్తంది. అన్నం ఎట్టు," అంది. పొద్దుట్నించీ తను ఏమీ తినలేదని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

మా ఆవిడ అందరికీ ఒకే వరసలో పళ్లేలు వేసింది. వేడన్నం, ఎండుమామిడి వేసిన పప్పు, వేయించిన వడియాలు. ముసలమ్మ మా అమ్మాయి పక్కన కూర్చుని, తన పళ్లెంలోని వడియాలు తీసి దాని పళ్లెంలో వేసింది. మా అమ్మాయి వద్దనలేదు. తలొంచుకుని అన్నీ తినేసి, ఇంకాస్త అన్నం కావాలని పళ్లెం చాపింది.