రాని జ్వరానికి సర్టిఫికెట్

2010వ సంవత్సరం. మేడిపల్లి దాటాక వరంగల్ రోడ్డు మీద ఉన్న మా కాలేజీకి యూనివర్సిటీ హోదా వచ్చి అప్పటికి ఏడాది. గేటు మీద బోర్డు మారింది, లెటర్‌హెడ్లు మారాయి. నిబంధనల పుస్తకం మాత్రం సగం పాతది, సగం ఎక్కణ్ణుంచో దించింది. నేను అకడమిక్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుని. పిల్లల హాజరు లెక్కలన్నీ నా బల్ల మీదకే వచ్చేవి. నా నోరు కొంచెం దురుసు, దాచుకోవడం దేనికి? నాచారం నుంచి బయల్దేరి ఉప్పల్ చౌరస్తా దాటేసరికి సగం ఓపిక అయిపోయేది. మిగతా సగం పిల్లల సాకులు వినడానికి ఖర్చయ్యేది.

సెమిస్టర్ చివర్లో షార్టేజ్ లిస్ట్ అని ఒకటి తీస్తాం. డెబ్బై ఐదు శాతం హాజరు లేనివాళ్ళ జాబితా అది. అందులో అరవై ఐదు దాటినవాళ్ళకి కండొనేషన్ ఇవ్వచ్చు, అంటే కారణం చూసి మన్నించి పరీక్ష రాయనివ్వడం. అది దొరక్కపోతే డిటెన్షన్, ఆ ఏడాది చదువు మళ్ళీ మొదటికొస్తుంది. మా పుస్తకంలో కండొనేషన్‌కి ఒకే ఒక్క కారణం రాసి ఉంది, అనారోగ్యం. అందుకని లిస్టు నోటీసు బోర్డుకెక్కిన మర్నాడే ఎక్కడెక్కడి పిల్లలకీ టైఫాయిడ్ వచ్చేసేది. సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆసారి లిస్టులో శిరీష అనే అమ్మాయి ఉంది. బోడుప్పల్‌లో ఉంటుంది, ఇంజనీరింగ్ రెండో ఏడు, కబడ్డీ జట్టులో ఆడుతుంది. పొద్దున్న ఐదున్నరకి ఉప్పల్‌లో ప్రాక్టీసు, తొమ్మిదింటికి మా దగ్గర మొదటి క్లాసు. మధ్యలో ఇంటికి పరిగెత్తి స్నానం, నాలుగు మెతుకులు, రెండు షేర్ ఆటోలు. ల్యాబ్ రికార్డు బస్టాపులో నిలబడి రాసేదిట, అక్షరాల వంకరలు చూసి లెక్చరర్లు తిట్టేవారు. మార్కులు మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. పోయేదల్లా మొదటి గంట హాజరే.

అది చాలదన్నట్టు అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి తొమ్మిది రోజులు వెళ్ళొచ్చింది. మా కొత్త యూనివర్సిటీ పేరున్న బనియను వేసుకుని ఆడి, జట్టుతో కలిసి మూడో స్థానం తెచ్చింది. ఆ స్థానంతో జట్టు అఖిల భారత పోటీలకి అర్హత సంపాదించింది. మేం చేసిన ఘనకార్యం ఆ తొమ్మిది రోజులూ ఆబ్సెంట్ వేయడం. సంస్థ పని మీద వెళ్ళినవాళ్ళకి హాజరు వేసే ఆన్ డ్యూటీ పద్ధతి పాత రూల్స్‌లో ఉండేది, కొత్త పుస్తకంలోకి ఎక్కించడం మరిచిపోయారు. జట్టులో మిగతా పదకొండు మందీ హాస్టల్ పిల్లలు, మొదటి గంటలు పోగొట్టుకోలేదు కాబట్టి గట్టెక్కారు. శిరీష లెక్క అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

నా బల్ల దగ్గరకి వచ్చి నిలబడింది.

“మేడం, నేను యూనివర్సిటీ తరఫునే ఆడనీకె పోయిన గద. అది ఆబ్సెంట్ ఎట్లయితది?”

ఎట్లయితదో నాకూ తెలీదు. నా దగ్గర జబ్బుకి దారి ఉంది గానీ ఆటకి లేదని చెప్పాను. ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్ళి ఆ తొమ్మిది రోజులకే టైఫాయిడ్ అని రాయించుకు రమ్మన్నాను.

“నాకు జరమే రాలె మేడం,” అంది.

“వచ్చిందనుకో. అందరూ చేసేదేగా,” అన్నాను. పాపం పిల్లకి ఏడాది మిగిల్చానని లోపల మురిసిపోయాను కూడా.

రెండ్రోజుల తరవాత సర్టిఫికెట్ తెచ్చిచ్చింది. కండొనేషన్ ఫైలులో పెట్టాను. ఆ వారంలోనే అఖిల భారత పోటీల అర్హతా పత్రాలు వచ్చాయి. ఒక్కొక్కరి పత్రం మీదా రిజిస్ట్రారు గారు సంతకం పెట్టాలి, పాత పోటీల సర్టిఫికెట్ జత చేయాలి, హాజరు వివరం చూపించాలి. నేను పద్ధతి తప్పని మనిషిని కదా! శిరీష కాగితాలన్నీ ఒకే ఫైలులో తేదీల వారీగా ట్యాగు వేసి కట్టి లోపలికి పంపాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

పత్రాలకి ఆఖరు రోజు వచ్చింది, సాయంత్రం ఐదింటిలోగా నిర్వాహకులకి ఫ్యాక్సు చేయాలి. మూడింటికి రిజిస్ట్రారు గారు నన్నూ శిరీషనూ పిలిపించారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

“ఈ తొమ్మిది రోజులూ మంచం దిగకూడదని ఇందులో ఉంది. అవే రోజుల్లో కబడ్డీ ఆడావని ఇందులో ఉంది. ఏదమ్మా అబద్ధం?”

“జరం అబద్ధం సార్.”

“ఎవరు తెమ్మన్నారు నిన్ను?”

ఆ పిల్ల నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. “ఎవ్వరు అనలె సార్. నేనే తెచ్చిన,” అంది.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పడానికి ఒక్క క్షణం పట్టేది. మెమో వస్తుందనీ, రికార్డు పాడవుతుందనీ భయమేసింది. ఊళ్ళో వాళ్ళందరినీ దులిపేసే నోరు ఆ గదిలో పెగల్లేదు. ఆయన శిరీష పత్రం పక్కన పెట్టి, దొంగ సర్టిఫికెట్ కింద విచారణ కమిటీకి పంపమన్నారు. కమిటీకి వెళ్తే డిటెన్షన్ ఖాయం. ఐదింటికి పదకొండు పత్రాలే వెళ్ళాయి. నా చేత్తోనే ఫ్యాక్సు చేశాను.

ఇంటికెళ్ళి వంకాయ కూర మాడబెట్టాను. నా కూతురి ఈడు పిల్ల నన్ను కాచిందే, నేను దాన్ని కాయలేకపోయానే అని సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఆఫీసు తెరవకముందే వెళ్ళి రిజిస్ట్రారు గారికి జరిగిందంతా చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

ఆయన చదివి, “ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నారు.

నాకు మెమో వచ్చింది, రావాల్సిందే. ఆయన మాత్రం ధర్మాత్ముడు. వారం తిరక్కుండా క్రీడాకారులకి ఆన్ డ్యూటీ ఇచ్చేలా తీర్మానం చేయించారు. జ్వరం సర్టిఫికెట్ వెనక్కిచ్చేసి, విచారణ మూసేశారు. తొమ్మిది రోజులూ కలిపితే శిరీష హాజరు డెబ్బై ఎనిమిదికి వచ్చింది. అర్హతా పత్రం మీదైతే నేను వెళ్ళి చెప్పిన ఆ పొద్దుటే సంతకం పెట్టారు. మా స్పోర్ట్స్ డైరెక్టరు నిర్వాహకులకి ఫోను చేసి ఎంతగానో బతిమాలాడు. జాబితా నిన్న సాయంత్రమే మూసేశామన్నారు వాళ్ళు. జట్టు పదకొండు మందితో వెళ్ళింది.

శిరీష హాల్ టికెట్ కోసం వచ్చినప్పుడు నేను లేచి నిలబడ్డాను. తప్పంతా నాదేననీ, క్షమించమనీ అడిగాను. శిరీష కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది.

“అయ్యో, గట్ల అనకున్రి మేడం. మీరే పోయి చెప్పిన్రని సార్ అన్నడు. ఇయర్ అయితే మిగిలింది.” హాల్ టికెట్ పుస్తకంలో పెట్టుకుంది. వెళ్ళబోతూ ఆగి, “గానీ, మీరు ఆ దినమే చెప్పుంటె నేను ఆడుతుంటి మేడం,” అంది.

గొంతులో కోపం లేదు. ఉన్న మాట అంది, అంతే.

ఎప్పుడు చెప్పినా నిజం నిజమే కదా అనుకునేదాన్ని అంతవరకూ. నేను చెప్పిన నిజం నా మనసుకి పనికొచ్చింది, ఆ అమ్మాయి ఆటకి అందలేదు. నిజానికీ ఆఖరు తేదీ ఉంటుందని, ఫీజుకీ ఫారాలకీ ఆఖరు తేదీలు చెప్పి పిల్లల్ని హడలగొట్టిన నాకు శిరీష చెప్పాల్సి వచ్చింది.