పోటు అన్న మాట

నిన్న మా అమ్మాయి ఫోనులో పాత డయలప్ మోడెమ్ చప్పుడు పెట్టి పకపకా నవ్వింది. ఆ కిర్రుమనే మోత వినగానే నాకు సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు.

రెండువేల ఆరులో, బాపట్ల తీరానికి వచ్చే యాత్రికుల మీద పరిశోధన చేస్తూ కాలు విరగ్గొట్టుకుని రేపల్లెలో మంచాన పడ్డాను. మా గైడు సుభద్ర మేడమ్ తెనాలి నుంచి ప్యాసింజరెక్కి వచ్చారు. "కాలు కదలకపోతే ఏమ్మా, కళ్ళున్నాయిగా! వచ్చి వెళ్ళినవాళ్ళు నెట్‌లో ఏం చెప్పుకుంటున్నారో చదువు. చాటుగా మాత్రం వద్దు, నువ్వెవరో చెప్పి మరీ కూర్చో" అన్నారు. చదివాను గానీ, నేనెవరో ఎవరికీ చెప్పలేదు. మొహమాటం.

ఇంతలో ఒడ్డున జాలర్ల పడవలు ఉంచాలా, తీయించాలా అని బాపట్లలో మీటింగు పెట్టారు. అందులో మేడమ్ నా కాగితాలు చదవాలి. ముందురోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, ఒక వాక్యం దగ్గర ఆగిపోయారు: జాలర్లు యాత్రికులను పొడుస్తామని బెదిరిస్తున్నారు.

"ఎవరన్నారిది?"

"బెంగళూరావిడ రాసిందండి. పడవ పక్కన కూర్చుంటే ఒకతను 'పోటు, పోటు' అని అరిచి తరిమేశాడట. చేతిలో కత్తి కూడా ఉందట."

కాఫీ తెస్తున్న మా అమ్మ గుమ్మంలోనే ఆగింది. "ఓసి నీ చదువు తగలెయ్య! సముద్రం పోటుమీదుంది, లెగండి అనుంటాడే! కత్తి వల బాగుచేసుకునేదై ఉంటది."

గబగబా ఆ వాక్యం కొట్టేయబోతే మేడమ్ చెయ్యి పట్టుకున్నారు. "ఆగు. నీదీ ఊహే, అమ్మగారిదీ ఊహే. ఆ బెంగళూరావిడ్నే అడుగు. నువ్వెవరో ముందు చెప్పు."

రాశాను. లైను తెగిపోయేది, మళ్ళీ కలిపేవాళ్ళం. నాలుగయింది, అయిదయింది. ఆరింటి బండికి మేడమ్ వెళ్ళిపోవాలి. "జవాబు రాకపోతేనండి?" అన్నాను. "తెలీదని రాస్తాం. తెలీని మాటకి ఒకళ్ళ కడుపు కొడతామా?" అని కసిరారు.

అయిదున్నరకి జవాబొచ్చింది. ఆ మాటకర్థం ఆవిడకీ తెలియదట. కానీ వాళ్ళు లేచొచ్చిన అరగంటకల్లా అక్కడ వదిలేసిన పిల్లల చెప్పులు నీళ్ళలో కొట్టుకుపోయాయట.

"రాసిన చేత్తోనే కొట్టెయ్" అన్నారు మేడమ్. కాగితాలు చంకన పెట్టుకుని స్టేషనుకు పరుగెత్తారు. మర్నాటి మీటింగు తర్వాత కూడా పడవలు ఒడ్డునే ఉండిపోయాయి.

మేడమ్ ఇప్పుడు లేరు. ఎవరి మాటైనా కాగితం మీద పెట్టేముందు ఈనాటికీ వాళ్ళనే అడుగుతాను. మా తాత జాలరి, పోటూ పాటూ చూసుకుని పడవ దింపిన మనిషి. ఆయన మనవరాలినై ఉండి, పోటంటే నాకు కత్తి గుర్తొచ్చింది. ఆ పోటు మాత్రం ఇంకా తగ్గలేదు.