ఫండీ తీరంలో కడగకూడని మొక్కలు

పాత గనుల నుంచి కొట్టుకొచ్చిన రాగి, సీసం కలిసిన ఉప్పు బురదలో కొన్ని తీర మొక్కలు దర్జాగా బతికేస్తాయి. ఏ జన్యువులు వాటిని కాపాడుతున్నాయన్నదే నా పరిశోధన. అది తెలియాలంటే మొక్కను పీకిన వెంటనే గడ్డకట్టించాలి. కనీసం ఆరు మొక్కలు కావాలి, అనుమతి ఉన్నది ఒక్క రోజుకే. అవి దొరక్కపోతే థీసిస్ మరో ఏడాది వెనక్కి పోతుంది. అందుకే కెనడా మధ్యలో ఉన్న సస్కటూన్ నుంచి టొరంటో మీదుగా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ వెళ్లాను.

అక్కడ మా స్నేహితురాలి మేనమామ, రిటైరైన డాక్టర్ మూర్తి గారింట్లో దిగాను. మొక్కల్ని గడ్డకట్టించడానికి నలభై డాలర్ల డ్రై ఐస్ నింపిన పెట్టెతో పొద్దున ఏడింటికి ఆయన కారులో బయలుదేరాం. గంటన్నర ప్రయాణం. ఫండీ అఖాతంలో పోటు వస్తే నేను నిలబడ్డ చోట మనిషి మునుగుతాడు కాబట్టి, పదకొండులోపు పని ముగించాలి. తొమ్మిదిన్నరకల్లా పన్నెండు మొక్కలు పీకి, ట్రేలో పెట్టి మూర్తి గారికిచ్చాను. "అంకుల్, కాస్త వెంటనే పెట్టెలో పెట్టేయండి" అని, బురద నమూనా కోసం పక్కకు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆయన కారు పక్కన కూర్చుని, తాగే నీళ్ల క్యాను వంచుతున్నారు.

"ఎంత మట్టో చూడమ్మా! మూడు నీళ్లు మార్చి కడిగా. ఇప్పుడు ఇసుక రేణువు లేదు."

"అయ్యో అంకుల్, కడిగేశారా! ఇదేమన్నా పప్పులోకి తోటకూరా?"

పెద్దాయన మీద అరిచినందుకు సిగ్గేసింది, కోపం మాత్రం తగ్గలేదు. ఉప్పుకు అలవాటుపడిన మొక్క మీద మంచినీళ్లు పడితే నిమిషాల్లో దాని జన్యువుల పనితీరు మారిపోతుందని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. ప్యాంటు మడిచి, పార అందుకున్నారు.

"పదమ్మా, ఇంకా టైముంది."

ఆయన తవ్వడం, నేను పరుగున తెచ్చి పెట్టెలో వేయడం. ఆరోది చేతికొచ్చేసరికి నీళ్లు బూట్లలోకి దిగాయి. ఇద్దరం గట్టెక్కాం.

తిరుగు దారిలో ఆయన అడిగారు. "ఏమ్మా, అంత విషం తట్టుకునేదానికి మంచినీళ్లు పడలేదా?"

"అలవాటు లేదు అంకుల్" అన్నాను.

కడిగిన పన్నెండింటినీ పారేయలేదు. విడిగా చీటీ అంటించి గడ్డకట్టించాను. ఆ మొక్కల్లో ఏం మారిందో కూడా చూడాలనుంది. ఆ రాత్రి భోజనం దగ్గర సారీ చెబితే, ఆయన ఇంకో గరిటె పప్పు వడ్డించారు. మీరూ వెళ్తే పోటు వేళలు ముందురోజే చూసుకోండి. తోడొచ్చేవాళ్లకు ఏం చేయాలో కాదు, ఏం చేయకూడదో కారెక్కకముందే చెప్పండి. నేను చెప్పలేదు.