రజాయాయన

మొన్న పటాన్‌చెరులో బస్సు కోసం నిలబడి ఉంటే, కంపెనీ చొక్కా వేసుకున్న ఒక కుర్రవాడు నన్ను గుర్తుపట్టి, మా నాయన మీ నవల చదివే రజాకార్ల సంగతి తెలుసుకున్నాడు సార్ అన్నాడు. ఇలాంటి మాటకు రాసేవాడు పొంగిపోవాలి. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. బస్సు వచ్చేదాకా ఆగకుండా దొరికిన ఆటో ఎక్కేశాను.

ఆ నవల తొంభైల్లో రాశాను. బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ, మిగిలిన వేళల్లో చరిత్రను ఉద్ధరిస్తున్నాననుకునేవాణ్ణి. ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. నాకు తెలిసిన చరిత్రంతా మా నాయనమ్మ చెప్పిందే. నా చిన్నతనానికే ఆమెకు పళ్లన్నీ ఊడిపోయాయి. వక్కాకు దంచుకుని బుగ్గన పెట్టుకుని నిజాం కాలం కబుర్లు మొదలుపెడితే సగం మాటలు ఆ ఆకులోనే నలిగిపోయేవి. రజాకారాయన వచ్చి తలుపు కొట్టాడని, గడ్డం నిండా దూదేనని, తను పిల్లల్ని తీసుకుని జొన్నల పాతరలోకి దిగి దాక్కుందని నాకు అర్థమైంది. ఆ తర్వాత ఏమైందో నేనెప్పుడూ అడగలేదు, పాతర దాకా వచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చేది. నవల మొదలుపెట్టేనాటికి ఆమె లేదు. మిగతాది కల్పన అని పేరు పెట్టి నేనే పూరించాను. దూదిలాంటి తెల్లటి గడ్డమున్న రజాకారు తలుపు పగలగొట్టాడు, ఊరంతా దోచాడు. పాఠకులు వాణ్ణి నోరారా తిట్టుకుంటుంటే నేను మురిసిపోయాను.

సీరియల్ అయిపోయిన కొన్నాళ్లకు ఇస్నాపూర్ నుంచి కబురొచ్చింది. ఎప్పుడో మా ఊరు వదిలి వచ్చి అక్కడ పరుపుల దుకాణం పెట్టుకున్న ఒక తురకల ఇంటి పెద్దాయన నన్ను చూడాలంటున్నాడట. అభిమాని అనుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాను. కిరాయి గదుల్లో ఉండే ఫ్యాక్టరీ పిల్లలు కొనుక్కునే పలచటి పరుపుల మధ్య కూర్చుని ఆయన చలికి కప్పుకునే రజాయి కుడుతున్నాడు. ఆయన కూతురు చాయ్ ఇచ్చింది గానీ నా మొహం చూడలేదు. ఏటా పీర్ల పండక్కి ఊరికి వెళ్లి పీరు పట్టుకునే మనిషిని చూసి, ఈసారి కుర్రాళ్లు రజాకార్ వచ్చాడన్నారని ఆమే చెప్పింది. ఆయన పీరును ముట్టకుండానే తిరిగొచ్చేశాడట. ఈయనకూ నా నవలకూ సంబంధమేమిటని అడగబోయాను. అప్పుడు కనబడ్డాయి, తెల్లటి గడ్డంలో చిక్కుకున్న దూది పోగులు.

పెద్దాయనే నెమ్మదిగా చెప్పాడు. రజాయిలు కుట్టేవాడు కనక ఊళ్లో అందరూ ఆయన్ని రజాయాయన అనేవారు. పక్క ఊరికి దూది ఏకడానికి వెళ్లినప్పుడు రజాకార్లు వస్తున్నారని విని, పరుగున వచ్చి ఇంటింటి తలుపూ కొట్టాడు. మా వాళ్లను పాతరలోకి దింపి, పైన రజాయిలు పరిచింది ఆయనే. తర్వాత మిలట్రీ వచ్చింది, రజాకార్లు పోయారు, కోపం మిగిలింది. ఒకరోజు కర్రలు పట్టుకుని ఒక గుంపు ఆయన ఇంటి మీదికి వచ్చింది.

"మీ నాయినమ్మ మా గడపల అడ్డం నిలవడ్డది బిడ్డా. గీన రజాకార్ కాదు, రజాయాయన అన్నది. గా ఒక్క మాటకు నన్ను ఇడిసిపెట్టిండ్రు."

ఆకులో నలిగిపోయిన మాట ఏదో నాకప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకంలో మార్చేస్తాను తాతా అన్నాను.

"పుస్తకం ఎవలు సదువుతరు బిడ్డా. వచ్చే పండుగకు నాతోని ఊర్లెకు రా. పీర్ల ముంగట నిలవడి నువ్వే చెప్పు."

వస్తానన్నాను. నవల పుస్తకంగా వచ్చేటప్పుడు, విలన్ లేకపోతే ఎవరు కొంటారని ప్రచురణకర్త అంటే తల ఊపాను. పండగ వచ్చింది. షిఫ్టు మార్చుకోవడం కుదరలేదని కబురు పంపాను. నిజానికి అడిగితే కుదిరేదే. ఊరంతా చూస్తుండగా, నేను రాసింది తప్పు అని చెప్పడానికి నోరు రాదని భయపడ్డాను. ఆ మరుసటి పండగకు ఆయన లేడు. ఊళ్లో ఇప్పటికీ ఆయన రజాకారే.

కర్రల ముందు నిలబడి ఆ మాట అనడానికి మా నాయనమ్మకు ఎంతసేపు పట్టి ఉంటుంది? నాకు కాలం ఏడాది గడువిచ్చింది, చాల్లేదన్నాను.