యారాడ కొండ మీద రేడియేటర్ మూత

మొన్న పెందుర్తిలో మా వీధి చివరి మెకానిక్ నా కారు బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యగానే గబుక్కున వెనక్కి జరిగాను. వెనకున్న టైర్ల గుట్టకి తట్టుకుని పడబోయాను కూడా. "ఏటమ్మా, అలగ బయపడిపోతన్నారు? ఇంజన్ సల్లగానే ఉంది. కూలెంట్ మార్సడానికే కదా తీత్తన్నాను," అని నవ్వాడతను. పచ్చటి కూలెంటు సన్నటి ధారగా లోపలికి దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. చూడ్డానికి షర్బత్తులా ఎంత ముద్దుగా ఉంటుందో. దాన్ని పొయ్యని పాపానికి మా బావ చేతులు ఉడికిపోయాయి.

అప్పట్లో నేను కాలేజీలో కొత్తగా ఉద్యోగంలో చేరి, ఉక్కునగరంలో అక్కా బావల క్వార్టర్‌లో ఉండేదాన్ని. బావ ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు చేసేవాడు. ఆయన కోపానికి వస్తువూ మనిషీ అన్న తేడా ఉండేది కాదు. టీవీ రిమోట్ మొరాయిస్తే గోడకేసి కొట్టేవాడు. తలుపు బిగుసుకుంటే తన్నేవాడు. ఆ ఇంట్లో సొట్ట లేని గిన్నె ఒక్కటి చూపిస్తే నా జీతం రాసిచ్చేద్దును. ఇంతవరకూ నవ్వుకుంటూనే చెప్పుకోవచ్చు. అక్క ఒంటి మీది వాతల దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాదు. కూర చల్లారిందని కొట్టేవాడు, పిలిస్తే ఆలస్యంగా పలికిందని కొట్టేవాడు, అడ్డం వెళ్తే నన్ను అవతలకి తోసి మళ్ళీ కొట్టేవాడు. వెళ్ళిపోదాం పదవే అని నేను ఎన్నిసార్లు బతిమాలినా అక్కది ఒకటే మాట: "మారతాడే. నువ్వు ఊరుకో."

బావ ఒక పాత కారు కొన్నాడు. కూలెంట్ పోయించమని మెకానిక్ చెబితే ఎగిరిపడ్డాడు. "అది మంచు పడే ఊళ్ళోళ్ళకిరా. గడ్డ కట్టకుండా పోసుకుంటారు. వైజాగులో మంచు పడతాదేటి? నాకు సెప్పొచ్చినాడు!" అని ఆదివారం ఆదివారం మగ్గుతో కుళాయి నీళ్ళు పోసేవాడు. గడ్డ కట్టకుండా కాసేదే తొందరగా మరిగిపోకుండానూ, లోపల తుప్పు పట్టకుండానూ కాస్తుందని ఆయనకి చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది? కొన్నాళ్ళకి రేడియేటర్‌లో నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.

ఆ ఎండాకాలం యారాడ బీచికి బయల్దేరాం. కొండ ఎక్కుతుండగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ కింద నుంచి ఆవిరి తన్నుకొచ్చింది. బావ మలుపులో బండి ఆపి, దిగి, బంపర్‌ని తన్నాడు. బానెట్ ఎత్తి మూత మీదికి చెయ్యి చాపాడు. "కాసేపు ఆగండి, సల్లారనీండి," అంది అక్క. అంతే, నడిరోడ్డు మీద, చేపల గంపలతో వస్తున్న ఆడవాళ్ళ ఎదుట, ఆమె చెంప పగలగొట్టాడు. "నాకు సెప్పేదానివేటే నువ్వు?" నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. నన్ను విదిలించేసి, తుడుపు గుడ్డ వేసి మూత తిప్పాడు.

టపాకాయ పేలినట్టు ఢామ్మంది. తుప్పు నీళ్ళు సలసలా మరుగుతూ నిలువెత్తున లేచాయి. బావ పెట్టిన కేక గొడ్డు కేకలా ఉంది. మోచేతుల దాకా చర్మం పాల మీది మీగడలా ముడత పడి జారింది. నిజం చెప్పొద్దూ, నాకు జాలి వెయ్యలేదు. గంప దించి పరుగెత్తుకొచ్చినామె "సన్నీళ్ళు పొయ్యండమ్మా, పొయ్యండి!" అని అరిచింది. చెంప మీద వేళ్ళ అచ్చులు ఇంకా ఎర్రగా ఉండగానే అక్క ఏడుస్తూ, మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ ఆ చేతుల మీద పోసింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం.

రెండు చేతులకీ తెల్లటి కట్లు కట్టారు. అక్కే అన్నం కలిపి తినిపించేది, గడ్డం గీసేది. ఇంట్లో కేకలు లేవు. కోపమొచ్చినా లేవడానికి చెయ్యి లేదు కదా. అక్క మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయేది. ధైర్యం చేసి గాజు గ్లాసులు కూడా కొంది. ఒకనాడు ముద్ద మింగుతూ బావ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నిన్ను సానా కట్టపెట్టినానే," అన్నాడు. అక్క వంటింట్లోకొచ్చి నా భుజం పట్టుకుని "సెప్పినాను కదేటి? మారిపోనాడే!" అంది. ఆ ముఖం చూశాక నేనూ నమ్మాను.

కట్లు విప్పారు. కింద గులాబీ రంగులో కొత్త చర్మం. బావ వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కొన్నాళ్ళు మురిసిపోయాడు. తర్వాత ఒక పొద్దున టీలో పంచదార తక్కువైంది. నేను గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికే ఆ దెబ్బ చప్పుడు వినపడింది. అక్క ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని నావైపు తిరిగి, "సెయ్యి పూర్తిగా నయమైపోనాదే," అంది. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని నాతో వచ్చేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

అక్క కాపురంలో మంచికాలమే లేదని మా వాళ్ళంటూ ఉంటారు. ఉంది. ఆ చేతులు మానడానికి పట్టిన కాలం.